గురునాథం గోడ ఫైసలా

గురునాథానికి రెండు వస్తువులు చూపించకూడదు. ఒకటే చూపిస్తే అంత చురుకైన మనిషి రాయ్‌పూర్ మొత్తం గాలించినా దొరకడు. రెండు చూపించారా, ఆ పూటకి ఆయన మీద ఆశ వదులుకోవాల్సిందే. రెండింటినీ పక్కపక్కన పెట్టి, తల ఎడమకి ఒకసారి, కుడికి ఒకసారి వాల్చి, చివరికి అనే మాట ఒక్కటే. "ఈ వెలుగులో తేలదు. సాయంత్రం వెలుగులో ఓసారి సూద్దాం."

ఈ సంగతి అందరికంటే ఎక్కువ అనుభవించినవాడు కొండలరావు. వ్యాగన్ రిపేర్ వర్క్‌షాపులో ఫిట్టరు. గురునాథం భార్య బంగారమ్మదీ అతనిదీ శ్రీకాకుళం వైపు ఒకే ఊరు కాబట్టి ఆవిడ అతనికి అప్ప, అంటే అక్క, ఆ లెక్కన గురునాథం బావ. ఒకసారి బావతో కలిసి దుర్గ్‌లో పెళ్ళికి బయల్దేరాడు. టాటీబంధ్ దగ్గర రెండు బస్సులు నిలబడి ఉన్నాయి, రెండూ దుర్గ్ బస్సులే. ఒకదానికి కిటికీలు బాగున్నాయి, రెండోదానికి డ్రైవరు బాగున్నాడు. గురునాథం రెండింటి చుట్టూ ప్రదక్షిణం చేశాడు. టైర్లు చూశాడు. రెండు బస్సుల కండక్టర్లతోనూ కులాసాగా మాట్లాడి వాళ్ళ పిల్లల చదువులు కనుక్కున్నాడు. ఈలోగా రెండూ ముందూ వెనకా వెళ్ళిపోయాయి. అరగంటకి మూడో బస్సు వచ్చింది. తలుపుకి తాడు కట్టి ఉంది, లోపల కాలు పెట్టే చోటు లేదు.

"ఇదిగో, ఇది బావుంది," అని గురునాథం ఎగిరి ఎక్కేశాడు.

"ఏటి బాగుంది బావా దీన్లో?"

"ఒక్కటే ఉంది కదా."

బంగారమ్మ ముప్పై ఏళ్ళ కాపురంలో దీనికి విరుగుడు కనిపెట్టుకుంది. బజారుకి పంపేటప్పుడు, "వంకాయలు తే. నల్లవి తే. తెల్లవి కనబడితే మొహం తిప్పేసుకో," అని చెప్పి పంపేది. గడ్డం గీసే మంగలి కూడా ముందు ఏ చెంప అని అడగకుండా పని కానిచ్చేసేవాడు.

అసలు ఆయన్ని పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. సర్వీసంతా వర్క్‌షాపు పెయింట్ షాపులోనే. రంగుల మధ్య బతికిన మనిషి కదా, రంగుల సంగతి ఈయనకి తెలియకపోవడమేమిటి అని బయటివాళ్ళు అనుకుంటారు. అక్కడే పొరపాటు. గూడ్సు వ్యాగన్‌కి రంగు ఒక్కటే, ఇటుకపొడి లాంటి ఎరుపు. రిపేరై వచ్చిన వ్యాగన్‌కి అదే, రేపు రాబోయేదానికీ అదే. ఆ షాపులో రంగు గురించి అడిగే ప్రశ్న "వేశారా లేదా" అన్నది ఒక్కటే. ముప్పై మూడేళ్ళు ఒక్క రంగుతో సుఖంగా కాపురం చేసినవాడికి రెండో రంగు చూపిస్తే కంగారు పడక ఏం చేస్తాడు? రంగు వస్తువులో ఉందా, దాని మీద పడే వెలుగులో ఉందా అని తర్కం చదివిన పండితులే తేల్చుకోలేక ఉంటారు. గురునాథం వాళ్ళ పక్షాన ఒంటరిగా, పాంటుకి ఎర్ర మరకలతో, వర్క్‌షాపువాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో నిలబడ్డాడు, అంతే.

రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, కాలనీ గోడ దాటాక ఉన్న బస్తీలో మూడు గదుల సొంత ఇల్లు కట్టుకున్నాడు. ముందు పడకగది, తర్వాత మధ్యగది, ఆ వెనక వంటగది. పక్కిల్లు కొండలరావుది. ఇంటికి ఏ రంగు వేయాలన్న విషయంలో బంగారమ్మ మొదటే ఒక మాట చెప్పేసింది.

"ముదురు రంగు ఎయ్యి. సున్నం మాత్రం వద్దు."

దేశంలో ఏ రైల్వే కాలనీలోకి వెళ్ళినా క్వార్టర్ల గోడలకి సున్నమే. గోడకి ఆనుకుంటే వీపంతా తెలుపు. మంచం పక్క గోడ మీద తలనూనె మరక. బజార్లో ఏ ఆడమనిషి వీపు చూసినా ఈవిడ రైల్వేవాళ్ళమ్మాయి అని చెప్పేయొచ్చు. "పెళ్ళైనకాడ్నుంచి వీపు దులుపుకుంటానే ఉన్నాను. సొంతింట్లోనైనా గోడకి ఆనుకుని కూకోనీ," అంది బంగారమ్మ. కొట్టువాడిచ్చిన రంగుల కార్డు తీసుకుని, నచ్చిన రెండింటి మీద కుంకుమ బొట్టు పెట్టింది. ఒకటి సీసా ముక్కలాంటి ముదురాకుపచ్చ. రెండోది బాగా ముగ్గిన నేరేడుపండు మీద ఎర్ర నీడ పడ్డట్టుండే మెరూన్.

"ఈ రెండింట్లో నీకేది నచ్చితే అది," అంది.

ముప్పై ఏళ్ళు జాగ్రత్తగా కాపురం చేసిన మనిషి అక్కడ కాలు జారింది.

గురునాథం ఆ కార్డు జేబులో పెట్టుకుని మూడు వారాలు తిరిగాడు. టీ కొట్టులో చూపించాడు. రేషన్ క్యూలో చూపించాడు. చావు పలకరింపుకి వెళ్ళి అక్కడ చూపించబోతే కొండలరావు చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. "ఏదో ఒకటి ఫైసలా సెయ్యి బావా, నాకు తల దిమ్మెక్కిపోతోంది."

"సేత్తాను. సాయంత్రం వెలుగులో ఓసారి సూసి."

రథయాత్ర నాడు పొద్దున్న వాన పడింది. పెరట్లో కుళాయి దగ్గర నాచు మీద బంగారమ్మ జారి పడింది. తొడ ఎముక విరిగింది. ఆసుపత్రిలో ప్లేటు వేసి, మూడు వారాలుంచుకుని ఇంటికి పంపారు.

ఇంటికి వచ్చిన బంగారమ్మ పడకగదిలో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. అంతే, మళ్ళీ ఇటు తిరగలేదు. పిలిస్తే పలకదు. పెడితే రెండు ముద్దలు, లేకపోతే అదీ లేదు. చూడవచ్చినవాళ్ళు ఆ వీపుతో కాసేపు మాట్లాడి, వీపు జవాబివ్వకపోతే లేచి వెళ్ళిపోయేవాళ్ళు. వారం గడిచేసరికి రావడమూ మానేశారు.

కాలనీలో కమల అని నర్సు ఉండేది. వాళ్ళది కాకినాడ వైపు క్రైస్తవ కుటుంబం. డ్యూటీ అయ్యాక రోజూ వచ్చి చూసి వెళ్ళేది. ఒకనాడు గురునాథాన్నీ కొండలరావునీ వరండాలోకి పిలిచింది.

"ఎముక బాగానే అతుక్కుంటోంది బాబాయ్ గారూ. డాక్టరు గారు లేపి కూర్చోబెట్టమంటున్నారు, నడిపించమంటున్నారు. పిన్ని చూస్తే ఇటు తిరగనే తిరగట్లేదు. ఇంకో నెల ఇలాగే పడుకుంటే ఆ కాలు బిగుసుకుపోతుంది. తర్వాత మనం ఎంత లేపినా లేవలేరు."

గురునాథం తల ఎడమకి వాల్చాడు. కుడికి వాల్చాడు. కార్డు జేబులో ఉందేమోనని తడుముకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కొండలరావు డ్యూటీ నుంచి వచ్చేసరికి పక్కింట్లోంచి టర్పెంటైన్ వాసన. వెళ్ళి చూస్తే, పడకగదిలో బంగారమ్మ వీపు వెనక, ఎదుటి గోడ మీద రెండు చదరాలు. ఎడమన ఆకుపచ్చ, దానికి కుడివైపు కాస్త ఎడంగా మెరూన్. ఒక్కొక్కటి వార్తాపత్రిక పేజీ అంత. గురునాథం బ్రష్షు పట్టుకుని మురిసిపోతున్నాడు.

"ఏటిది బావా?"

"నమూనా. కార్డు మీద తేలట్లేదు."

"మా అప్ప మంచం మీదుంటే నీకు రంగులు కావాలేటి? సిగ్గుండాలి మనిషికి."

"అరిచీకురా. ఆరనీ. ఆరితే ఒక నలుపు పెరుగుతాది." అని మంచం వైపు తిరిగి, "బంగారం, ఏది బాగుంది?" అన్నాడు.

వీపు పలకలేదు. కొండలరావు రెండు రోజులు బావతో మాట్లాడలేదు. అతని భార్య వరహాలమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. కాని గోడ మీద రంగులు పడ్డాయన్న కబురు బస్తీలో పాకిపోయింది. రోగిని చూడడానికి జనం ఎన్నిసార్లు వస్తారు? రంగు మీద అభిప్రాయం చెప్పడానికైతే పిలవకపోయినా వస్తారు. నాలుగో రోజుకి గది నిండిపోయింది.

"పచ్చ ఒద్దన్నయ్యా, దోమలు ముసురుతాయి," అంది వరహాలమ్మ, మాట్లాడకూడదన్న పట్టుదల మరిచిపోయి.

"దోమలకి రంగులేటి తెలుస్తాయే," అన్నాడు కొండలరావు.

"నీకు తెలుస్తాయేటి? పెళ్ళిలో నా చీర రంగు సెప్పు సూద్దాం."

కమల తల అడ్డంగా ఊపింది. "పచ్చ అంటే నాకు ఆపరేషన్ థియేటరే గుర్తొస్తుంది బాబాయ్ గారూ. ఇక్కడ కూర్చుంటే డ్యూటీలో ఉన్నట్టుంటుంది."

పాలు తెచ్చే అభన్‌పూర్ ఆవిడ గడపలో క్యాను దించి, రెండు చదరాల వంకా శ్రద్ధగా చూసి, "దూనో తో కరియా హే దాయీ," అనేసింది. రెండూ నలుపేగా, ఇందులో ఇంత గొడవేమిటి అని ఆవిడ బాధ.

"మెరూన్ వేస్తే మాత్రం," అన్నాడు కొండలరావు, "బొగ్గు వ్యాగన్లో పడుకున్నట్టుంటాది. అచ్చంగా వ్యాగన్ రంగే అది."

"ఏ గుడ్డోడు సెప్పాడ్రా నీకు, అది వ్యాగన్ రంగని?"

మాట మంచం మీంచి వచ్చింది. బంగారమ్మ మోచెయ్యి ఆన్చి ఇటు తిరిగింది. జుట్టు రేగిపోయి ఉంది, మొహం పీక్కుపోయి ఉంది, కళ్ళు మాత్రం కొండలరావుని నమిలేసేట్టున్నాయి. "వ్యాగన్ రంగు ఇటుక. ఇది నేరేడుపండు. ముప్పై ఏళ్ళు ఆ ఇటుక మరకలు నాను ఉతికాను, నువ్వు ఉతికావేటి?"

వరహాలమ్మ దోమల గురించి మళ్ళీ మొదలెట్టింది. వాదన జోరులో బంగారమ్మ ఇటు తిరిగిందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. గురునాథం మాత్రం ఒకసారి మంచం వంక చూసి, బ్రష్షు తుడుచుకుంటూ అన్నాడు. "ఈ చోట వెలుగు సరిగ్గా పడ్డం లేదు. ఇంకోచోట ఏసి సూద్దాం."

ఇంకోచోటంటే అదే గోడకి కింద, బట్టల పెట్టె వెనక. పడుకున్నవాళ్ళకి పెట్టె అడ్డం. లేచి కూర్చుంటే తప్ప కనబడదు.

"అక్కడెవరైనా ఏస్తారేటి?" అంది బంగారమ్మ.

"అక్కడ వెలుగు బాగుంది."

"ఎలకలు సూడ్డానికా?"

రెండు రోజులు తిట్టింది. మూడో రోజు అందరూ ఆ పెట్టె పక్కకి వంగి అభిప్రాయాలు చెప్పుకుంటుంటే ఉండబట్టలేక, "తలగడాలు ఎత్తు పెట్టవే కమలా," అంది. లేచి కూర్చునేసరికి ముందు పచ్చ కనబడింది. మెరూన్ కోసం ఇంకాస్త ముందుకి జరగాల్సి వచ్చింది. జరిగి, చూసి, "ఏదీ తేలట్లేదు," అంది.

గురునాథం మొహం వెలిగిపోయింది. "నానూ అదే అంటున్నాను. ఈ వెలుగులో తేలదు."

మూడో జత తలుపు వెనక వేశాడు. తలుపు వెనక రంగు నమూనా వేసే మనిషి భూప్రపంచంలో ఉంటాడా? కొండలరావు బెంగ పెట్టుకున్నాడు. ఇది ఇష్టమో చాదస్తమో కాదు, రిటైరయ్యాక కొందరికి వచ్చే జబ్బేమో. అప్పకి కాలు పోయింది, బావకి మతి పోయింది, ఇక ఈ ఇంటిని చూసేదెవరు అని వరహాలమ్మ దగ్గర మొత్తుకున్నాడు. బంగారమ్మ మాత్రం కమల భుజం పట్టుకుని నిలబడి, "ఈ మనిషి నన్ను సంపేత్తాడే కమలా, గట్టిగా పట్టుకో," అంటూ తలుపుదాకా నాలుగడుగులు వేసింది. కమల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బంగారమ్మ కళ్ళలో ఒట్టి కోపమే.

దసరాకి నాలుగో జత మధ్యగదిలో వెలిసింది. దీపావళి వెళ్ళాక అయిదో జత వంటగదిలో, పొయ్యి పక్కన. ఇంటి గోడలు పేకముక్కలు పరిచినట్టున్నాయి. బస్తీలో పచ్చ పార్టీ, మెరూన్ పార్టీ అని రెండు తయారయ్యాయి. కొండలరావు రోజుకో పార్టీ మారేవాడు, ఎలాగైనా ఇది తెమిలితే చాలని.

వంటగది జత చూడడానికి బంగారమ్మ ఎవరి భుజమూ పట్టుకోకుండా చేతికర్రతో వచ్చింది. పచ్చ చూసింది. మెరూన్ చూడబోతూ పొయ్యి గట్టు చూసింది. పసుపు డబ్బాలో టీపొడి, టీ డబ్బాలో ఆవాలు, చింతపండు మీద మూత లేదు.

"ఓలమ్మ, నా వంటిల్లు," అని, వెనకే వచ్చిన కొండలరావు వైపు తిరిగింది. "కొండలరావూ, ఆ పీట ఇటు తే."

పీట మీద కూర్చుని డబ్బాలన్నీ కిందికి దింపించింది. ఆ పూట పప్పు ఆవిడే పోపు పెట్టింది. వాసన రెండిళ్ళ అవతలిదాకా వెళ్ళింది.

అదే రోజు కొండలరావు ఒక నిర్ణయానికి వచ్చాడు. ఈ బావతో ఫైసలా జన్మలో అవదు. ఏదో ఒక రంగు తెచ్చి తనే పూసేస్తాడు, తర్వాత తిట్టుకోనీ. బ్రష్షు కోసం బావ పెరట్లో కొట్టుగది తలుపు తీశాడు. మూలన గోనెసంచి కప్పి ఒక పెద్ద డబ్బా ఉంది. సంచి తీశాడు. ముదురాకుపచ్చ. పడకగది మొత్తం పూసేంత రంగు.

పెయింట్ షాపువాళ్ళకో అలవాటుంది. ఏ డబ్బా వచ్చినా, వచ్చిన తేదీ రేకు అచ్చు పెట్టి దాని మీద తెల్లగా వేసేస్తారు. ఇంట్లో ఆవకాయ జాడీ మీద కూడా గురునాథం తేదీ వేసేవాడు. ఆ పెద్ద డబ్బా మీద కూడా తేదీ ఉంది. రథయాత్రకి మూడు రోజుల ముందుది. అంటే అప్ప పడకముందే రంగు కొనేశాడు. పక్కనే చిన్న డబ్బాలో మెరూన్. దాని మీద తేదీ, కమల వరండాలోకి పిలిచి ఆ మాట చెప్పిన మర్నాటిది.

కొండలరావు రెండు తేదీలూ రెండుసార్లు చదివాడు. లోపలికి వెళ్ళి, ఖాళీగా ఉన్న బంగారమ్మ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మెల్లగా ఇటు తిరిగాడు. మొదటి జత కనబడింది. లేచి కూర్చున్నాడు. పెట్టె వెనక రెండో జత. నిలబడి నాలుగడుగులు వేస్తే తలుపు వెనక మూడోది. గడప దాటితే మధ్యగదిలో నాలుగోది. అక్కడినుంచి వంటగదిలోకి. ప్రతి జతలోనూ పచ్చ ముందు, మెరూన్ ఇంకొంచెం అవతల.

వంటగది గుమ్మంలో గురునాథం తగిలాడు. కొండలరావు ఆయన చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళి, కొట్టుగదిలోంచి పెద్ద డబ్బా బయటికి లాగాడు.

"పెద్ద డబ్బా సూశాను బావా."

గురునాథం అటూ ఇటూ చూశాడు. దొంగతనం బయటపడ్డవాడిలా గొంతు తగ్గించాడు. "రథయాత్రకి మీ అప్ప బయటికెళ్ళినప్పుడు పూసీసి, వచ్చేసరికి సూపిద్దామనుకున్నాన్రా. ఇంతలో పడిపోయింది."

"నువ్వేటి, ఫైసలా సెయ్యడమేటి?"

"ఆవేళ కొట్లో పెద్ద డబ్బా పచ్చ ఒక్కటే ఉంది. ఒక్కటుంటే నాకేటి ఇబ్బంది?" డబ్బాని మళ్ళీ లోపలికి నెట్టబోతూ అన్నాడు. "మీ అప్పకి సెప్పీకు. ఇంకో జత పెరటి గుమ్మం దగ్గర ఏద్దామనుకుంటున్నాను. ఆ మెట్టొక్కటి దిగాల."

"ఏం అక్కర్లేదు," అంది వెనక నుంచి బంగారమ్మ.

చేతికర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మెట్టు వంక ఒకసారి చూసింది, దిగింది. పెరట్లో ఎండలోకి వచ్చి ఆయాసపడుతూ నిలబడింది.

"పెద్ద డబ్బా మూతొకటి, సిన్న డబ్బా మూతొకటి తీస్తున్న సప్పుడు ఎప్పట్నుంచో ఇంటున్నాను. నాకు ఇరిగింది కాలు, సెవులు కాదు. గదంతా పూసేంత రంగు కొట్టుగదిలో పెట్టుకున్నోడు, ఏ రంగు కొనాలని ఊరందర్నీ అడుగుతుంటే ఏటనుకోవాల?"

"మరి ఇన్నాళ్ళూ సెప్పలేదేటప్పా?" అన్నాడు కొండలరావు.

"సెప్తే ఈయన మరి పిలుస్తాడేటి, బంగారం రా, సూడు అని?"

గురునాథం డబ్బా మీది తేదీని చొక్కా అంచుతో తుడవడానికి చూశాడు. అది వ్యాగన్ల మీద వేసే అచ్చు రంగు, పోదు.

"సరే బంగారం. పచ్చ ఏసీమంటావా?"

"మెరూన్."

"అదేటి?"

"పచ్చ ఎప్పుడూ ముందే కనబడిపోయేది. మెరూన్ సూడాలంటే ఇంకో అడుగు ఎయ్యాల్సొచ్చేది. ప్రతిసారీ ఏశాను. నా కాళ్ళతో నడిసి సంపాదించుకున్న రంగు, అదే నాది." అని కర్రతో పెద్ద డబ్బాని తట్టింది. "ఇది తలుపులకీ కిటికీలకీ ఎయ్యి. పారేస్తామేటి?"

ఆ వారంలోనే మెరూన్ పెద్ద డబ్బా తెచ్చి మూడు గదులూ పూశారు. గురునాథం, కొండలరావు చెరో గోడ పట్టుకున్నారు. బంగారమ్మ పీట వేసుకుని మధ్యలో కూర్చుని, ఎవరి చెయ్యి వంకర పోతోందో చెప్పింది. ఆరాక మొదటిసారి గోడకి వీపు ఆన్చి కూర్చుంది, లేచి కొంగు ముందుకి లాక్కుని చూసుకుంది. ఒక్క తెల్ల మరక లేదు. పాలావిడ వచ్చి చూసి, తను మొదట్నుంచీ చెప్పిందే నిజమైందన్నట్టు తలాడించింది.

ఇదంతా అయిన చాలా ఏళ్ళకి కూడా ఆ ఇంటికి వెళ్ళినవాళ్ళకి ఒక వింత కనబడేది. పడకగదిలో గోడలన్నీ మెరూన్. మంచానికి ఎదుటి గోడ మీద మాత్రం వార్తాపత్రిక పేజీ అంత ముదురాకుపచ్చ చదరం ఒకటి అలాగే ఉండిపోయింది. దాని చుట్టూ గురునాథమే అంచు చక్కగా తీర్చి మరీ మెరూన్ పూశాడు. కొత్తగా వచ్చినవాళ్ళు అడిగేవాళ్ళు, ఇదొక్కటీ ఎందుకు వదిలేశారని. కొండలరావు నవ్వు దాచుకుని కిటికీలోంచి బయటికి చూసేవాడు.

గురునాథం చదరం ముందు నిలబడి తల ఎడమకి వాల్చేవాడు. కుడికి వాల్చేవాడు.

"దాని సంగతి ఇంకా తేలలేదు బావూ. సాయంత్రం వెలుగులో ఓసారి సూడాల."

"సూద్దువుగాని, ముందు టీకి రా," అని వంటగదిలోంచి కేక వినబడేది. "ఒక్క గ్లాసే పెట్టాను. రెండు పెడితే నీకు తేలదు."